వాలు గీత

బుధవారపేట పాత సామాన్ల కొట్లో
దస్తగిరి పన్నెండొందలన్నాడు.
తొమ్మిదొందల యాభైకి దిగొచ్చి
"టేకు మ్మా, తట్టి చూడు" అని తనే తట్టి వినిపించాడు.
ఆకుపచ్చ పెయింటు కింద ఏముందో
వాడికీ తెలీదు, నాకూ తెలీదు.
ఆటోలో నాలుగు కాళ్లూ పైకెత్తి
సంతలో కొన్న మేకలా వచ్చింది బల్ల.

మా అత్త నాగేంద్రమ్మ గడపలోనే ఆపింది.
"ఎవురింటి శనో ఏమో, కడిగి తీస్కరా లోపలికి."
కడగకూడదత్తా, నీళ్లకు చెక్క ఉబ్బుతుంది అన్నాను.
"నీళ్ల గురించి నాకు చెప్తావా మే నువ్వు" అంది.
ఆదోని పిల్లని. నాకప్పుడు అర్థం కాలేదు.

మిద్దె మీద ఆదివారాలు నావి.
అంగన్‌వాడీ గుడ్ల లెక్కలు శనివారమే మూసేసి
మద్దిలేటి పాత లుంగీ చింపి ముక్కుకు కట్టుకుని
ఎనభై నంబరు ఉప్పుకాగితం అరచేతికి చుట్టుకుంటాను.
మొదట ఆకుపచ్చ, చేప పొలుసుల్లా.
దాని కింద నీలం, బడి కిటికీల నీలం.
దాని కింద జిడ్డు వార్నీషు, గోళ్లలో ఇరుక్కుని
మూడు రోజులు జొన్నరొట్టెలో కూడా అదే వాసన.
దాని కింద
టేకు కాదు. వేప.

ఫోను చేసి తిట్టాను. దస్తగిరి నవ్వాడు.
"వేపకు చెదలు పట్టదు మ్మా, ఇంకో యాభై నువ్వే ఇయ్యాల."
చెదలు పట్టలేదు గానీ పుప్పి పట్టింది,
వెనక కాలికి ఆవగింజలంత బొక్కలు.
లెక్కపెట్టాను. నలభై ఒకటి.

సొరుగు మాత్రం రానంది.
రంగులేసినోళ్లు కూడా తెరవలేదు, అంచుల మీదుగా పూసేశారు.
కొవ్వొత్తి రుద్ది, అట్లకాడ దూర్చి, తిట్టి, బతిమాలి
లాగితే లోపల
బిస్కెట్టులా ఎండిన ఒండ్రు, వేలెడు మందం.
అందులో ఒక గోలీ, ఒక జాకెట్టు హుక్కు.

ఆ తర్వాతే కనపడింది గీత.
ముందు కాళ్లకు జానెడెత్తున,
వెనక కాళ్లకు మూరెడెత్తున,
టీ మరకలా, చెక్క లోపలికంటా.
ఇన్ని రంగులూ దీన్ని దాయడానికేనేమో.
కానీ నీళ్లు వాలుగా నిలబడవు కదా!

ఎండుమిరపకాయలు తిరగేయడానికి పైకొచ్చిన అత్త
చాట కింద పెట్టి వంగి చూసింది.
కాలి మీద వేలు పెట్టి, ఆ కాలు నుంచి ఈ కాలుకు
గాలిలోనే గీత కలిపింది.
"తేలింది మే ఇది" అంది.
"యాడనో తట్టుకొని, పక్కకొరిగి, అట్లనే నిలబడింటాది."
కాసేపాగి,
"ఆ రోజు బీరువాలు మునిగినాయి, బల్లలు తేలినాయి.
మా మంచం మా కళ్ల ముందరే పోయింది సందెంబడి,
ఎవురో చుట్టం చెప్పకుండ పోతాన్నట్టు."
ఆ ఏడు నాకు అది పేపర్లో ఒక ఫొటో.

గీత ఉంచేద్దామత్తా, మీద పాలిష్ వేస్తే బాగుంటుంది అన్నాను.
అప్పటికే సెల్లులో రెండు ఫొటోలు తీసుకున్నాను కూడా.
"అన్నం తినేటప్పుడల్లా దాన్నే సూస్కోవాల్నా?"
నా చేతిలో కాగితం లాక్కుంది.
గాజులు మోచేతికి ఎగదోసి, చీర కుచ్చిళ్లు చెక్కి,
ఒక కాలు, ఇంకో కాలు,
పొద్దు కొండారెడ్డి బురుజు వెనక్కి వాలేదాకా రుద్దింది.
మిరపకాయలు ఎవరూ తిరగేయలేదు.

ఆమె దిగిపోయాక
రాలిన పొడినంతా చీపురుతో పేపరు మీదికెత్తి
ఫెవికాల్‌లో కలిపి ముద్ద చేశాను.
నలభై ఒక్క బొక్కల్లోనూ కూరాను,
చూపుడు వేలితో నొక్కి నొక్కి.
వడ్రంగులంతా చేసేదే అది.
అత్తకు చెప్పలేదు.

ఇప్పుడది వంటింట్లో గ్రైండరు మోస్తోంది.
ఒక కాలు కింద మడిచిన బస్సు టికెట్టు.
హంద్రీ మీద మబ్బు పట్టిన రోజు మాత్రం
సొరుగు బిగుసుకుపోతుంది,
గరిటెలు లోపల, మేం బయట.
నేను కొవ్వొత్తి కోసం వెతుకుతాను.
అత్త ఒక్కసారి లాగి చూసి వదిలేస్తుంది.
"ఎండ రానీలే" అంటుంది.